చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? కోడ్ చదివి సెన్సర్ మార్చుకోవడం ఎలా?

డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగగానే చాలామంది స్కానర్ పెట్టి కోడ్ చూస్తారు, అందులో ఏ సెన్సర్ పేరు కనిపిస్తే అది కొనేస్తారు. నేనూ ఒకసారి అదే చేశాను. పి0171 వచ్చింది. ఇంజిన్‌లోకి ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ పోతోందని దాని అర్థం. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ పోయిందనుకుని కొత్తది బిగించాను. రెండు రోజులకే లైట్ మళ్లీ వెలిగింది. తీరా చూస్తే ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక వేలెడంత రబ్బరు గొట్టం చీలి, అందులోంచి గాలి లోపలికి పోతోంది. పాపం, సెన్సర్ ఉన్నమాటే చెప్పింది. ఫిర్యాదు చేసినవాణ్ణే పట్టుకుని లోపలేసినట్టయింది నా పని.

కాబట్టి కోడ్‌ను ఫిర్యాదుగానే చూడండి. విచారణ మనం చేయాలి.

ముందు లైట్‌ను చూడండి. నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే కంగారు లేదు, ఒకటి రెండు రోజుల్లో చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయండి. ఏదో సిలిండర్‌లో ఇంధనం మండకుండానే బయటికి పోతోంది, అది పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఎర్రగా వెలిగే ఆయిల్ దీపం, ఉష్ణోగ్రత దీపం వేరే సంగతి. అవి వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపాల్సిందే.

కోడ్ చదవడం

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దీన్నే ఓబీడీ-2 పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి చేశారు. ఫోన్‌తో కలిపే చిన్న బ్లూటూత్ అడాప్టర్ చాలు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కాకపోతే లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణంలో పంపే అంకెలు, చూపించేదే తీసుకోండి. కోడ్ ఒక్కటే చూపించే స్కానర్‌తో విచారణ సాగదు.

తాళం ఆన్ చేసి కోడ్లు చదవండి. వాటితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా రాసుకోండి. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంతో తిరుగుతోంది అన్నది అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే ఇదీ పోతుంది కాబట్టి, రాసుకోకుండా చెరపొద్దు.

కోడ్ మొదట్లో 'పి' ఉంటే ఇంజిన్, గేర్‌బాక్స్‌కు సంబంధించినది. దాని పక్కన 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, దాని మాన్యువల్‌లోనే వెతకాలి. ఆ తర్వాతి అంకె 1 అయితే గాలి, ఇంధనం. 3 అయితే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం). 4 అయితే పొగ నియంత్రణ.

సెన్సర్‌ను విచారించడం

కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దాని ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే సులువైనది లేదు.

పి0118 వచ్చిందనుకోండి. స్కానర్ మీద 'హై ఇన్‌పుట్' అని కనబడుతుంది. ఇంజిన్ వేడెక్కిపోయిందని చాలామంది బెదిరిపోతారు, కానీ ఇక్కడ హై అన్నది వోల్టేజీ గురించి. ఈ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు కరెంటుకు ఎక్కువ అడ్డు పడుతుంది, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గుతుంది. వైరు తెగినా, ప్లగ్ ఊడినా అడ్డు అనంతమైపోయి, వోల్టేజీ దాదాపు 5కు చేరుతుంది. అప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇంజిన్ గడ్డకట్టుకుపోయిందనుకుని పెట్రోలు గుమ్మరిస్తుంది. నల్ల పొగ, పడిపోయిన మైలేజీ, వేడి మీద స్టార్ట్ కాకుండా మొరాయించడం, అన్నీ అక్కడి నుంచే. పి0117 దీనికి సరిగ్గా తిరగేసిన కోడ్.

రాత్రంతా ఆగిన బండిలో, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, లైవ్ డేటాలో కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రతనూ పోల్చండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 25 డిగ్రీలు, ఇంకొకటి మైనస్ 40 చూపిస్తే సర్క్యూట్ ఎక్కడో తెగింది.

ఇప్పుడు అసలు పరీక్ష. సెన్సర్ ప్లగ్ తీసి, వైర్ల వైపు ఉన్న రెండు పిన్నులనూ చిన్న తీగతో కలపండి. స్కానర్‌లో అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా నూరు దాటితే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే, పోయింది సెన్సరే. అంకె కదలకపోతే కొత్త సెన్సర్ కొని లాభం లేదు, వైరు పట్టుకుని వెనక్కి వెళ్లండి. రెండు వైర్ల సెన్సర్లకే ఈ పరీక్ష పనికొస్తుంది. మూడు వైర్లున్నవాటిలో ఒకటి సాధారణంగా నేరుగా 5 వోల్టుల సరఫరా, దాన్ని దేనితోనూ కలపకూడదు. ఇంకో మాట: ప్లగ్ తీయగానే రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరగొచ్చు. వేళ్లు దూరంగా ఉంచండి.

అన్నట్టు పి0128 వస్తే సెన్సర్ జోలికి పోకండి. ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదన్న ఫిర్యాదది. ఎక్కువసార్లు తప్పు మూసుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) దగ్గరే దొరుకుతుంది.

మార్చడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. దీనికి మినహాయింపు లేదు. వేడి కూలెంట్ ఒత్తిడిలో ఉంటుంది, కూలెంట్ మూత తిప్పితే ముఖం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ వైరు తీయమని చాలామంది చెబుతారు. ఈ పనికి తాళం ఆఫ్ చేస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

కొత్త సెన్సర్‌ను పాతదాని మీదున్న నంబరుతో సరిచూసి, చేతికందేలా పెట్టుకోండి. మూత తెరిచి మూసి మిగిలిన ఒత్తిడి వదిలేయండి. కింద పళ్లెం పెట్టండి. ప్లగ్‌ను దాని లాక్ నొక్కి తీయాలి, వైర్లు పట్టి లాగకూడదు. పాత సెన్సర్‌ను పానాతో విప్పి, కూలెంట్ కారుతుండగానే కొత్తది పెట్టేయండి. చెయ్యి తిరిగితే కప్పెడుకు మించి పోదు. కొన్ని కార్లలో మరలు ఉండవు, క్లిప్ లాగితే సెన్సర్ వచ్చేస్తుంది. అక్కడ పాత ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు వలయం) లోపలే ఉండిపోలేదు కదా అని చూసుకోండి.

ముందు కొన్ని చుట్లు చేత్తోనే తిప్పండి. తర్వాత మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. ప్లాస్టిక్ హౌసింగ్ అయితే బలం చూపిస్తే పగులుతుంది. ఓ-రింగో రాగి వాషరో ఉన్నదానికి టెఫ్లాన్ టేపు చుట్టక్కర్లేదు.

కూలెంట్ తగ్గినంత పోసి, గాలి తీసే స్క్రూ ఉంటే దాని ద్వారా గాలి వదలండి. కింద కారినది కడిగేయండి. దాని రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది.

కోడ్ చెరిపి ఇంజిన్ స్టార్ట్ చేసి, లైవ్ డేటా చూస్తూ కూర్చోండి. ఉష్ణోగ్రత ఎక్కడా ఎగిరిపడకుండా మెల్లగా పెరిగి, 90 దగ్గర్లో నిలబడాలి. చెరిపాక కారు సొంత పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి, పూర్తవడానికి కొన్ని రోజుల ప్రయాణం కావాలి. అంతవరకు పొగ పరీక్షకు వెళ్లకండి.

అదే కోడ్ తిరిగొచ్చిందా? ఇంజిన్ నడుస్తుండగా, ఫ్యాన్‌కూ బెల్టులకూ దూరంగా చెయ్యి పెట్టి, సెన్సర్‌కు వచ్చే వైర్లను ప్లగ్ దగ్గర మెల్లగా అటూ ఇటూ కదపండి. అంకె ఉన్నట్టుండి మైనస్ 40కి దూకితే ప్లగ్‌లోనే పట్టు పోయింది. పిన్నుల మీద పచ్చటి పొర కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. అప్పటికీ నిలవకపోతే, పొట్టి వైర్లతో సహా అమ్మే కొత్త ప్లగ్ తెచ్చి అతికించండి.