‘ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం’ అంటే సంతకానికి ముందు చూడవలసినవి

డిగ్రీ, బీటెక్ ఫలితాలు వెలువడే రోజుల్లో విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తీరు ప్రకటన తిరుగుతూ ఉంటుంది. ‘ప్రముఖ ఫైనాన్స్ కంపెనీలో ఆఫీసు ఉద్యోగాలు, నెలకు 25 వేల నుంచి 40 వేల వరకు, అనుభవం అక్కర్లేదు, వెంటనే చేరవచ్చు’ అని ఉంటుంది. కంపెనీ పేరు ఉండదు, ఫోన్ నంబరు ఒక్కటే ఉంటుంది. ఫోన్ చేసినవారికి బందరు రోడ్డులోనో, అరండల్‌పేటలోనో ఒక చిరునామా చెప్పి, ఫలానా రోజు ఉదయం బయోడేటాతో రమ్మంటారు. అలా వెళ్లినవారిలో కొందరికి నిజమైన ఉద్యోగమే దొరుకుతుంది. మరికొందరు కొన్ని నెలలు తిరిగి, తమ డబ్బు కొంత, బంధువుల డబ్బు కొంత అక్కడ పెట్టి, జీతం ముఖం చూడకుండానే బయటికి వస్తారు. మీకు చూపుతున్నది ఈ రెండింటిలో ఏదో కాగితం మీద సంతకం పెట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి: కమీషన్ మీద బతకడంలో తప్పేమీ లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు మార్కెట్ కమిటీ దగ్గర లైసెన్సు తీసుకుని, రైతు సరుకు అమ్మిపెట్టి, అందుకు కమీషన్ తీసుకుంటాడు. సరుకు ఎవరిది, కొన్నది ఎవరు, కమీషన్ ఎంత అన్నది అందరికీ తెలిసిన విషయం. బీమా ఏజెంట్లు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు, బ్యాంకు రుణాలు తెచ్చిపెట్టే డీఎస్ఏలు కూడా అదే విధంగా గౌరవంగా సంపాదిస్తున్నారు. అనుమానించవలసింది కమీషన్‌ను జీతమని చెప్పి దాచినప్పుడు. అందుకే ఏ ఆఫర్ వచ్చినా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ సంస్థకు వచ్చే ఆదాయం బయటి ఖాతాదారులకు నేను చేసే పని నుంచి వస్తుందా, లేక నా జేబు నుంచీ మా చుట్టాల జేబుల నుంచీ వస్తుందా?

ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారు?

నిజంగా మనిషి కావలసిన సంస్థ మీ చదువు గురించి, మాట తీరు గురించి, గతంలో చేసిన పని గురించి అడుగుతుంది. వచ్చినవారిలో కొందరిని వద్దంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ అదే రోజు ‘సెలెక్ట్’ అయ్యారంటే అక్కడ ఎంపిక అనేదే జరగలేదని అర్థం. ఇలాంటి చోట ప్రశ్నలన్నీ మీ చుట్టూ ఉన్నవారి గురించే ఉంటాయి. నాన్నగారు ఏం చేస్తారు, సొంత ఊరు ఏది, బంధువుల్లో ప్రభుత్వోద్యోగులు ఎందరు, ఈ మధ్య రిటైరైనవారు ఉన్నారా, రాజధాని ప్రాంతంలో పొలం ఉన్నవారెవరైనా తెలుసా అని అడుగుతారు. తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి, తెలిసిన వంద మంది పేర్లు, ఫోన్ నంబర్లు రాయమంటారు. దీనిని ఆ రంగంలో ‘నేచురల్ మార్కెట్’ అంటారు. ఆ జాబితాలోని పిన్ని, బాబాయి, స్నేహితుడి తండ్రి మొహమాటానికి తలా ఒక బీమా పాలసీ తీసుకున్నాక మీ అవసరం తీరిపోతుంది. జాబితా అడగడమే నేరమని కాదు, అమ్మకం పని అన్న చోట పరిచయాలు అవసరమే. అయితే ఆఫీసు ఉద్యోగమని పిలిచి జాబితా అడిగితే మాత్రం అక్కడే లేచి రావచ్చని నా అభిప్రాయం.

అందరినీ ఎందుకు తీసుకుంటారన్న దానికి కారణం ఉంది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తున్న సేల్స్ మేనేజరు చాలాసార్లు తానే టార్గెట్ కింద నలుగుతున్న మనిషి. నెలకు ఇంతమంది కొత్త ఏజెంట్లను చేర్చాలి, వారిచేత ఇంత ప్రీమియం తేవాలి అన్న లెక్క మీద అతని ఉద్యోగం నిలబడి ఉంటుంది. కాబట్టి అతని ఆదరణను మీ ప్రతిభకు దక్కిన గుర్తింపుగా తీసుకోవద్దు. ‘రిలేషన్‌షిప్ మేనేజర్’, ‘బిజినెస్ అసోసియేట్’, ‘ఫైనాన్షియల్ కన్సల్టెంట్’ వంటి హోదాలు వినిపించినప్పుడు, ‘అయ్యా, ఇది కంపెనీ పేరోల్ మీద ఉద్యోగమా, ఏజెన్సీయా?’ అని మర్యాదగానే, కానీ సూటిగా అడగండి. సమాధానం ఒక్క మాటలో రావాలి.

మీ దగ్గరే డబ్బు అడిగితే

రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని, లాప్‌టాప్ డిపాజిట్ అని వేలల్లో డబ్బు అడిగే సంస్థలో చేరవద్దు. బీమా ఏజెంటుగా నమోదు కావాలంటే శిక్షణ పొంది ఐసీ-38 అనే పరీక్ష రాయాలి, దానికి కొంత ఫీజు ఉన్న మాట నిజమే. అది కొన్ని వందల రూపాయల వ్యవహారం, దానికి రసీదు, హాల్‌టికెట్ వస్తాయి. పరీక్ష ఊసే లేకుండా వేలు తీసుకున్నా, ఆ డబ్బును ఎవరి సొంత ఫోన్‌పేకో వేయమన్నా అది పరీక్ష ఫీజు కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఏ కారణం చెప్పినా ఇవ్వకూడదు.

ఇంతకంటే మర్యాదగా కనిపించే పద్ధతి ఇంకొకటి ఉంది. ‘కస్టమర్‌కు చెప్పాలంటే ముందు మీకు నమ్మకం ఉండాలి కదా, మొదటి పాలసీ మీ పేరు మీదే చేద్దాం’ అంటారు. ఉద్యోగం కోసం వచ్చినవాడు మొదటి రోజే ఖాతాదారుడైపోయాడన్నమాట. ఆ పాలసీకి మరుసటి ఏడాది ప్రీమియం కట్టే స్తోమత లేక వదిలేస్తే, మొదటి ఏడాది కట్టినదానిలో పెద్ద భాగం పోవచ్చు.

జీతం లెక్కను మీరే వేయండి

ఆఫర్ లెటర్‌లో ‘నెలకు 15,000’ అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉండి, కింద ‘నెలకు రెండు లక్షల ప్రీమియం తెచ్చిన పక్షంలో’ అన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటే, అది జీతం కాదు. లెక్క చూడండి: మొదటి ఏడాది కమీషన్ 20 శాతం అనుకుంటే, రెండు లక్షల ప్రీమియం మీద 40,000 వస్తుంది. అందులో నుంచి మీకు 15,000 ఇచ్చి దానికి జీతమని పేరు పెట్టారు. మిగిలినది ఇంకెవరికో వెళ్తోంది. టార్గెట్ తప్పిన నెలలో ఆ 15,000 కూడా రాదు.

ఏజెన్సీయే అయితే మరో విధంగా లెక్క వేయాలి. ఒక్కొక్క పాలసీ ఏడాది ప్రీమియం 30,000, కమీషన్ అదే 20 శాతం అనుకుందాం. ఒక్కో పాలసీకి 6,000 వస్తుంది. నెలకు సగటున 20,000 సంపాదించాలంటే ఏడాదికి 40 పాలసీలు చేయాలి. ఏడాదికి 30,000 కట్టగలిగి, మీ మాట మీద కట్టే కుటుంబాలు నలభై మీకు తెలుసా? తెలిస్తే రెండో ఏడాదికి మరో నలభై ఎక్కడి నుంచి వస్తాయి? పెట్రోలు, ఫోను, టీ ఖర్చులు మీవే. ఈ లెక్క వేసుకున్నాక కూడా చేయగలననిపిస్తే నిస్సంకోచంగా చేరండి, అది మంచి వృత్తి. లెక్క అడిగితే ‘ముందే నెగెటివ్‌గా ఆలోచించకండి’ అనే మేనేజరు దగ్గర మాత్రం చేరవద్దు.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో ఈ పరీక్ష మరీ సులువు. అమ్మిన వెంటనే ఒకేసారి కమీషన్ ఇచ్చే పద్ధతిని షేర్లు, ఫండ్ల నియంత్రణ సంస్థ సెబీ 2018 అక్టోబరులో ఆపివేసింది. ఖాతాదారుడి డబ్బు ఫండ్‌లో ఉన్నంతకాలం కొద్దికొద్దిగా వచ్చే ‘ట్రెయిల్’ కమీషనే ప్రధాన ఆదాయం. ఏడాదికి ఒక శాతం అనుకున్నా లక్ష రూపాయలకు వచ్చేది ఏడాదికి వెయ్యి, నెలకు ఎనభై చిల్లర. ‘సిప్‌లు (నెలనెలా ఫండ్‌లో కొంత కొంత పెట్టే పద్ధతి) చేయించండి, మొదటి నెల నుంచే 30 వేలు’ అన్న మాట దీనితో ఎలా పొసుగుతుందో అడగండి.

కోడ్ ఎవరి పేరు మీద ఉంది?

చేరినవారిలో చాలామంది అడగని ప్రశ్న ఇది. బీమాలో ప్రతి పాలసీ ఒక ఏజెన్సీ కోడ్ కింద నమోదవుతుంది. కమీషన్, తర్వాతి ఏళ్ల రెన్యువల్ కమీషన్ ఆ కోడ్ ఉన్నవారికే వెళ్తాయి. ‘మీ పరీక్ష అయ్యేదాకా బిజినెస్‌ను మన టీమ్ కోడ్‌లో వేద్దాం’ అని చెప్పి, మేనేజరు తన భార్య పేరునో, బావమరిది పేరునో ఉన్న కోడ్‌లో వేస్తే, మీరు తెచ్చిన పాలసీల మీద మీకు ఏ హక్కూ ఉండదు. మీ మేనమామ కట్టే ప్రీమియం మీద పదేళ్లపాటు ఎవరో ముక్కు మొహం తెలియని మనిషికి రెన్యువల్ వెళ్తుంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీ పేరు మీద కోడ్ రాకముందు మీరు పాలసీ అమ్మడమే నిబంధనలకు విరుద్ధం. కోడ్ వచ్చేవరకు ఎవరి దగ్గరా సంతకం తీసుకోవద్దు.

‘మీ కింద పదిమందిని చేర్చండి, వారు చేసినదానిలో మీకూ వాటా’ అన్న మాట వచ్చిందా? బహుళ అంచెల మార్కెటింగ్ ద్వారా బీమా అమ్మడాన్ని 2015 సవరణతో బీమా చట్టంలోని 42ఎ సెక్షన్ నిషేధించింది. ఖాతాదారుడికి మీ కమీషన్‌లో కొంత వెనక్కి ఇవ్వమని సలహా ఇస్తే అదీ 41వ సెక్షన్ కింద తప్పే, పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ జరిమానా వచ్చినప్పుడు సలహా ఇచ్చినవారు పక్కన ఉండరు.

అమ్మేదానికి అనుమతి ఉందా?

ఒక్కో సరుకుకు ఒక్కో నియంత్రణ సంస్థ ఉంది. బీమాకు హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న ఐఆర్‌డీఏఐ. షేర్లకు, ఫండ్లకు సెబీ. రుణాలిచ్చే ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు. ఫండ్లు అమ్మాలంటే సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సంస్థ పరీక్ష పాసై, ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే నమోదు నంబరు పొందాలి. షేర్ బ్రోకర్ తరఫున పనిచేసే బ్రాంచి అయితే స్టాక్ ఎక్స్ఛేంజి దగ్గర ‘ఆథరైజ్డ్ పర్సన్’గా నమోదై ఉండాలి. చిట్టీలైతే 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ప్రతి గ్రూపుకూ చిట్స్ రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి కావాలి. కంపెనీ రిజిస్టరైందని చూపితే చాలదు, మీరు సభ్యులను చేర్చవలసిన ఆ గ్రూపు అనుమతి పత్రం చూపమనాలి. వీటన్నిటినీ ఆయా సంస్థల వెబ్‌సైట్లలో, కార్యాలయాల్లో సరిచూసుకోవచ్చు. డిపాజిట్లు తీసుకునే సంస్థ అయితే రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో వెతకండి. కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను గోడకు ఫ్రేమ్ కట్టి చూపడం పాత పద్ధతి. ఆ సర్టిఫికెట్ కంపెనీ ఉందని చెబుతుందే తప్ప, జనం దగ్గర డబ్బు తీసుకోవచ్చని చెప్పదు.

మన ప్రాంతానికి ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా సేకరించింది, అది కూడా ఊరూరా ఉన్న ఏజెంట్ల ద్వారా. సంస్థ చెల్లింపులు ఆపినప్పుడు డిపాజిటర్లు ముందుగా వెళ్లింది తమ ఊళ్లో ఉన్న ఏజెంటు ఇంటికే. ఆ ఏజెంట్లలో ఎక్కువమంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టినవారు. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ప్రకారం, అబద్ధమని తెలిసీ తప్పుడు హామీ ఇచ్చి ఇలాంటి పథకంలో చేర్పించినవారికి ఏడాది నుంచి అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. నెలకు ఇంత శాతం గ్యారంటీ అని కరపత్రంలో రాసి మీచేత పంచిస్తున్నారంటే, ఆ హామీ జనానికి చేరుతున్నది మీ నోటి ద్వారానే.

టెలీకాలర్ ఉద్యోగాల్లో రెండు విషయాలు తప్పక గమనించాలి. మీ ఆధార్‌తో సిమ్ తీసుకుని దానితో కాల్స్ చేయమన్నా, ఖాతాదారుల డబ్బు తాత్కాలికంగా మీ బ్యాంకు ఖాతాలోకో, యూపీఐలోకో తీసుకోమన్నా ఒప్పుకోవద్దు. బీమా ప్రీమియం నేరుగా కంపెనీకే చేరాలి. ‘ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీకి బోనస్ వచ్చింది’ అని చదవమని స్క్రిప్టు ఇస్తే అది మోసపు స్క్రిప్టు, ఎందుకంటే ఆ సంస్థ పాలసీలూ అమ్మదు, బోనస్‌లూ ప్రకటించదు. రేపు పోలీసులు వెతికేది సిమ్ ఎవరిది, ఖాతా ఎవరిది అన్నదే.

ఇప్పటికే చేరి ఉంటే

ముందు వసూళ్లు ఆపండి. రాజీనామాను నోటితో చెప్పకుండా ఈమెయిల్‌లో తేదీతో పంపండి. ఆఫర్ లెటర్, వాట్సాప్ సందేశాలు, టార్గెట్ షీట్లు, మీరు డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, ఇచ్చిన స్క్రిప్టు అన్నీ ఫోన్ నుంచి వేరేచోట దాచుకోండి. గ్రూపు నుంచి తొలగించాక అవి దొరకవు. మీచేతో, మీ ఇంట్లోవారిచేతో పాలసీ చేయించి ఉంటే, పాలసీ పత్రం అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా ‘ఫ్రీ లుక్’ కింద రద్దు చేసుకోవచ్చు. వైద్య పరీక్ష, స్టాంపు ఖర్చులు, ఆ కొన్నాళ్ల రిస్కు ప్రీమియం పోను మిగిలిన డబ్బు వెనక్కి వస్తుంది. బీమా ఫిర్యాదులకు 155255 నంబరు, ‘బీమా భరోసా’ పోర్టల్ ఉన్నాయి. షేర్లు, ఫండ్ల ఫిర్యాదులు సెబీ ‘స్కోర్స్’లో పెట్టవచ్చు. ఖాతా ద్వారా మోసపు డబ్బు తిరిగిందన్న అనుమానం వస్తే ఆ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సర్టిఫికెట్లు ఇవ్వకపోతే స్థానిక పోలీస్ స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

చివరగా మీ ద్వారా డబ్బు పెట్టినవారు ఉంటారు. వారికి విషయం మీరే చెప్పండి, ఎంత కష్టమైనా సరే. బంధువులకు ఇంటికి వెళ్లి చెప్పిన తర్వాత కూడా, ఏ తేదీన ఎంత కట్టారు, ఎవరి ఖాతాలోకి వెళ్లింది, రద్దు చేసుకోవడానికి ఏ తేదీ వరకు గడువు ఉంది అన్న మూడు సంగతులు ఒక సందేశంగా పంపి, ఆ సందేశం కాపీని మిగతా కాగితాలతోపాటు ఉంచండి.