పెద్దగా ఎవరూ వాడని వెబ్ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలా వద్దా? ఇలా తేల్చుకోండి

వెబ్‌సైట్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రమే వెబ్ ఫ్రేమ్‌వర్క్. పెద్దగా ఎవరూ వాడనిదాన్ని ఎందుకు నేర్చుకుందామనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. త్వరగా ఉద్యోగం కావాలన్నదే కారణమైతే ఆలోచించే పనే లేదు, బాగా వాడుకలో ఉన్న రియాక్ట్, జాంగో, లారవెల్, స్ప్రింగ్ బూట్‌లలో మీరు చూస్తున్న ప్రకటనల్లో ఏది ఎక్కువ కనిపిస్తే అది పట్టుకోండి. ఈ కింద రాసేది కాస్త తీరిక ఉన్నవాళ్లకి, లేదంటే సొంత ప్రాజెక్ట్‌కి ఏదో ఒకటి ఎంచుకోవాల్సినవాళ్లకి.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఒక్కటే: ఆ ఫ్రేమ్‌వర్క్ రేపు మూలపడితే మీ బుర్రలో ఏం మిగులుతుంది? ఎల్మ్ సంగతి చూడండి (నిజానికి అదొక భాష, ఫ్రేమ్‌వర్క్ అందులోనే కలిసి ఉంటుంది). 2019లో 0.19.1 వచ్చాక ఏళ్ల తరబడి కొత్త వెర్షన్ ఊసే లేదు. అయినా అది నేర్చుకున్నవాళ్లు నష్టపోలేదు, ఎందుకంటే యాప్ స్థితి (ఆ క్షణానికి అందులో ఉన్న డేటా) అంతా ఒక్కచోట ఉంచి, మెసేజ్‌ల ద్వారానే మార్చడం అనే పద్ధతిని రియాక్ట్‌తో వాడే రిడక్స్ అనే లైబ్రరీ కూడా అందుకుంది. ఎలిక్సిర్ భాషలో రాసే ఫీనిక్స్ ఫ్రేమ్‌వర్క్ కూడా అంతే. అది నడిచేది ఎర్లాంగ్ అనే భాష ప్రోగ్రాములని నడిపే వర్చువల్ మెషీన్ మీద. ఎర్లాంగ్‌ని 1980లలో ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ వ్యవస్థల కోసం తయారుచేశారు, అందుకే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో చిన్న ప్రాసెస్ ఉంటుంది, ఒకటి క్రాష్ అయినా పక్కదానికి ఏమీ కాదు. పేజీ స్థితిని సర్వర్‌లోనే ఉంచి, మారిన ముక్కని మాత్రమే వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) మీద పంపే ఫీనిక్స్ లైవ్‌వ్యూ ఒకసారి అర్థమైతే లారవెల్‌లో అలాంటి పనే చేసే లైవ్‌వైర్ ఎందుకు అలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. సాలిడ్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో సిగ్నల్స్ (ఒక విలువ మారగానే దాన్ని వాడేచోట్లే అప్‌డేట్ అయ్యే పద్ధతి) నేర్చుకున్నవాళ్లకి 2023లో యాంగులర్ 16లో అవే సిగ్నల్స్ వచ్చినప్పుడు కొత్తగా ఏమీ అనిపించి ఉండదు.

అదే ఫోల్డర్ల పేర్లు, కమాండ్లు తప్ప కొత్త ఆలోచన ఏదీ లేని ఫ్రేమ్‌వర్క్ అయితే నన్నడిగితే వదిలేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

పాపులర్ అయితే భయం లేదనుకోకండి. యాంగులర్ తొలి రూపమైన యాంగులర్‌జేఎస్ ఒకప్పుడు ఎక్కడ చూసినా అదే. 2016లో యాంగులర్ 2ని మొత్తం తిరగరాసి తెచ్చారు, పాతదానికి 2021 చివరితో సపోర్ట్ ఆగిపోయింది, పాత కోడ్ మార్చుకోలేక టీమ్‌లకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ప్రాజెక్ట్ ఎంత బతికుందో చూడాలి. కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్‌లో వచ్చిన స్టార్లు (లైకుల్లాంటివి) వదిలేయండి, అవి ఒకసారి నొక్కి మర్చిపోయేవి. కమిట్లు (కోడ్‌లో చేసి దాచిన మార్పులు) తక్కువున్నాయని చచ్చిపోయిందనీ అనుకోవద్దు, పని పూర్తయిన లైబ్రరీ నిశ్శబ్దంగానే ఉంటుంది. సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు ఎన్ని రోజుల్లో ప్యాచ్ వచ్చిందో వెతకండి. ఒక్కరే అంతా నడిపిస్తుంటే, ఆయన కొన్నాళ్లు కనిపించకపోయినా కొత్త రిలీజ్ ఇచ్చే హక్కు ఇంకెవరికైనా ఉందా చూడండి. మేజర్ వెర్షన్ మారినప్పుడల్లా పాత కోడ్‌లో ఏమేం పనిచేయకుండా చేశారో ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) చదవండి, బోర్ కొట్టినా చదవండి.

తర్వాత చిన్న ప్రాజెక్ట్ కట్టి చూడండి, కానీ టూడూ యాప్ (చేయాల్సిన పనుల జాబితా) కాదు, అందులో ప్రతి ఫ్రేమ్‌వర్కూ అందంగానే కనిపిస్తుంది. లాగిన్, తప్పులు చూపించే ఫారమ్, ఫైల్ అప్‌లోడ్, వెనకాల ఈమెయిల్ పంపడం, ఇవన్నీ ఉండి చివరికి ఏదో ఒక సర్వర్ మీద నడవాలి. ఎక్కడ ఇరుక్కున్నారో, అక్కడి నుంచి అధికారిక డాక్యుమెంటేషన్‌తోనే బయటపడ్డారా, సోర్స్ కోడ్ తవ్వాల్సి వచ్చిందా రాసిపెట్టుకోండి. మీకు తప్పనిసరైన లైబ్రరీలు, అంటే పేమెంట్లు, డేటాబేస్ డ్రైవర్ లాంటివి, ఉన్నాయో లేవో మొదటిరోజే చూసుకోవాలి. ఓపిక ఉంటే ఒక మేజర్ వెర్షన్ పాతబడిన శాంపిల్ ప్రాజెక్ట్ దించుకుని అప్‌గ్రేడ్ చేయండి, ట్యుటోరియల్స్‌లో దొరకని నిజాలు అక్కడ దొరుకుతాయి.

ఏఐతో కోడ్ రాయించుకునే అలవాటుంటే ఇంకో చిక్కు. తక్కువమంది వాడేవాటి మీద అది చూసిన కోడ్ తక్కువ, అందులోనూ పాతదే ఎక్కువ. స్వెల్ట్ అనే ఫ్రేమ్‌వర్క్ 5వ వెర్షన్ రూన్స్ అనే కొత్త రాత పద్ధతితో 2024లో వచ్చింది, కానీ అడిగితే స్వెల్ట్ 4 పద్ధతిలో రాసిచ్చే అవకాశం ఎక్కువ, ఒక్కోసారి రెండూ కలిపేస్తుంది కూడా. తప్పు పట్టుకునేంత ప్రాథమిక జ్ఞానం వచ్చేదాకా దాన్ని పక్కన పెట్టడమే మేలు.

ఆఫీసు కోసమైతే లెక్క వేరు. మీరు సెలవులో ఉంటే బగ్ ఎవరు సరిచేస్తారు? టీమ్‌లో ఇంకొక్కరైనా నేర్చుకుంటామంటే, లోపల వాడుకునే చిన్న టూల్‌తో మొదలుపెట్టండి, కస్టమర్లు డబ్బు కట్టే పేజీ జోలికి మాత్రం అప్పుడే పోవద్దు.