పైపు ముక్కతో వాషర్లు కోసే పంచ్

కుళాయికీ, నీళ్ల మోటారుకీ కావాల్సిన సైజు వాషర్ దొరక్క గాజువాక ఆటోనగర్ అంతా తిరగక్కర్లేదు, పంచ్ ఒకటి, అంటే రబ్బరు షీటు మీద పెట్టి సుత్తితో కొడితే గుండ్రంగా కోసే పనిముట్టు, ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత ఇనప పైపు ముక్క, ఆకురాయి, సుత్తి, డ్రిల్లింగ్ మెషిన్ చాలు.

ముందుగా పైపుని కొలవండి, పేరు చూసి నమ్మొద్దు. అరంగుళం పైపు అంటారు గానీ దాని బయటి వ్యాసం 21 మిల్లీమీటర్లు దాటుతుంది. తెగి వచ్చే గుండ్రటి బిళ్ల సరిగ్గా రావాలంటే పైపు అంచుని ఆకురాయితో బయటి వైపు నుంచే ఏటవాలుగా అరగదీయండి, లోపలి గోడని ముట్టుకోవద్దు, ఎందుకంటే బిళ్ల సైజు లోపలి వ్యాసమే. చిల్లు సైజు ముఖ్యమైతే దీనికి తిరగేసి, లోపలి వైపు అరగదీయాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే.

అంచుకి కాస్త పైన పక్కగా ఒక కిటికీ కోయండి, ఇరుక్కున్న బిళ్లని మేకుతో అందులోంచి తోసేయొచ్చు.

కింద సిమెంటు గచ్చు వద్దు, అంచు మొద్దుబారిపోతుంది. మటన్ కొట్లో ఉండేలాంటి చింత మొద్దు, నిలువు పోగు పైకి ఉండేలా, అంటే అడ్డంగా కోసిన ముఖం పైన ఉండేలా పెట్టుకుంటే ఇంకేం అక్కర్లేదు. పంచ్ నిటారుగా పట్టుకుని ఒకే గట్టి దెబ్బ కొట్టండి, నాలుగు చిన్న దెబ్బలకి అంచులు చిరుగుతాయి. రబ్బరుకైతే సబ్బు నీళ్లు రాయండి. వాషర్‌కి ముందు మధ్య చిల్లు, తర్వాతే బయటి గుండ్రం. కళ్లద్దాలు తప్పనిసరి, పాత ఆస్బెస్టాస్ షీటు మాత్రం దయచేసి కోయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

మన వైజాగ్ ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, పని అవగానే నూనె గుడ్డతో తుడిచిపెట్టండి.