తగ్గిన నీటికి ఉప్పునీళ్లు పోయకండి

కొత్తగా చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నల్గొండ ఎండలకు, పైగా ఫ్యాన్ గాలికి, ట్యాంకులో నీళ్లు తొందరగా తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పంతా లోపలే ఉండిపోతుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోయి పాపం చేపలు తట్టుకోలేవు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున్నే అక్కడిదాకా నింపండి. రిఫ్రాక్టోమీటర్‌లో (నీటిలో ఉప్పదనం కొలిచే పరికరం) సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.

మన దగ్గరి బోరు నీళ్లు అసలు వద్దు, ఫ్లోరైడ్ సమస్య తెలిసిందే కదా. వంట ఉప్పూ పనికిరాదు. మొదట ట్యాంకు నింపేటప్పుడు మాత్రం మెరైన్ సాల్టే (ఉప్పునీటి అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు), లీటరుకు సుమారు 35 గ్రాములు, బకెట్‌లోనే పూర్తిగా కరిగించి పోయండి. నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా, నెల పట్టినా సరే, చేపలు తేకండి.