కోత చెడిందా? డిజైన్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసే ముందు చూడవలసినవి

ఇంట్లో చిన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కను కోసే మెషీను) పెట్టుకొని చెక్కమీద అక్షరాలూ పెట్టెలూ చేసుకునేవారికి, పని చెడినప్పుడల్లా వాడుతున్న డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలడం లేదేమోనన్న అనుమానం కలుగుతుంది. ఒక్కోసారి అది నిజమే. అయితే మనం గీసిన గీత బిట్ (చెక్కను కోసే మొన) దాకా చేరేలోపు నాలుగు చోట్ల చేతులు మారుతుంది: మొదట డ్రాయింగు, తర్వాత బిట్ నడిచే దారి అయిన టూల్‌పాత్, ఆ టూల్‌పాత్‌ను కంట్రోలర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా, అంటే జి-కోడ్‌గా రాసే పోస్ట్ ప్రాసెసర్, చివరికి మోటార్లను నడిపే కంట్రోలర్‌తో కూడిన మెషీను. కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే మారేవి మొదటి మూడే. అందువల్ల డబ్బు కట్టే ముందు టూల్‌పాత్ సిమ్యులేషన్‌ను తెరమీద బాగా పెద్దది చేసి చూడండి. తప్పు అక్కడే కనిపిస్తే అది డ్రాయింగులోనో టూల్‌పాత్‌లోనో ఉన్నట్టు. తెరమీద నున్నగా ఉన్న అంచు చెక్కమీద మాత్రమే చెడితే, జి-కోడ్ మొదలుకొని కింది వైపు వెతకాలి.

లక్షణం: కొలత తేడాగా వస్తోంది

ఎంత తేడా వచ్చిందో కాలిపర్‌తో కొలిస్తే కారణం చాలావరకు ఆ అంకెలోనే దొరుకుతుంది. ముక్క 25.4 రెట్లు పెద్దదిగానో చిన్నదిగానో వస్తే అంగుళాలూ మిల్లీమీటర్లూ తారుమారయ్యాయన్నమాట. జి-కోడ్ ఫైలు మొదట్లో జి20 (అంగుళాలు) ఉందో జి21 (మిల్లీమీటర్లు) ఉందో చూసి, పోస్ట్ ప్రాసెసర్‌లో యూనిట్లు సరిచేయాలి. 100 మిల్లీమీటర్ల గీత 93.75 గా వస్తే అది పాత ఎస్‌వీజీ (గీతల బొమ్మల) ఫైళ్ల వల్ల వచ్చే చిక్కు. అలాంటి ఫైళ్లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్క వేస్తోంది, అంతకుముందు 90 వేసేది. పాత ఫైలును కొత్త లెక్కతో చదివితే సరిగ్గా ఇంతే తగ్గుతుంది. దిగుమతి చేసేటప్పుడు సైజు సరిచేస్తే చాలు.

ముక్క పెద్దదైనా చిన్నదైనా తేడా ఒకే కొలతలో ఉంటే బిట్ వ్యాసం తప్పుగా నమోదైందేమో చూడాలి. 3.175 మిల్లీమీటర్ల బిట్ బిగించి సాఫ్ట్‌వేర్‌లో 3 అని రాస్తే, బయటి అంచు కోసిన ప్రతి ముక్కా 0.175 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. ముక్క పొడవును బట్టి తేడా కూడా పెరుగుతుంటే మెషీనులో మిల్లీమీటరుకు మోటారు ఎన్ని స్టెప్పులు కదలాలన్న అంకెను సరిచేయాలి: ఉన్న అంకెను అడిగిన పొడవుతో గుణించి, వచ్చిన పొడవుతో భాగించాలి. వృత్తం కోడిగుడ్డులా వస్తే బెల్టు బిగువునూ స్క్రూల వదులునూ చూడండి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

లక్షణం: వంపుల దగ్గర మెషీను తడబడుతోంది, చెక్క మాడుతోంది

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొందరపడి అప్‌గ్రేడ్ కొనేది ఎక్కువగా ఈ లక్షణం చూసే. ఒక పేరు పలక కోసేటప్పుడు నాకూ ఇదే ఎదురైంది. తిన్నని గీతలు శుభ్రంగా వచ్చాయి. గుండ్రని అక్షరాల దగ్గర మాత్రం మెషీను చిన్నగా వణుకుతూ నెమ్మదించింది, అంచంతా గోధుమరంగుకు తిరిగింది. జి-కోడ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే కారణం కళ్లకు కట్టింది: ఒక్క అక్షరం వంపులోనే వందల కొద్దీ జి1 (బిట్‌ను తిన్నగా జరిపే ఆదేశం) వరుసలున్నాయి, ఒక్కో వరుస బిట్‌ను 0.05 మిల్లీమీటర్ల దూరం మాత్రమే జరుపుతోంది.

నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగంతో కోయాలంటే అలాంటి వరుసలు సెకనుకు 500 అందాలి. ఆర్డ్యునో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడిచే గ్రబుల్ (Grbl) కంట్రోలర్ ప్రోగ్రాముకు 115200 బాడ్ వేగంతో సెకనుకు సుమారు 11,520 అక్షరాలే చేరతాయి కాబట్టి, వరుసకు ఇరవై అక్షరాలున్నా దారి దాదాపు నిండిపోతుంది. పైగా గ్రబుల్ 16 కదలికల మేరకే ముందుచూపుతో నడుస్తుంది, ఆ చూపు ఆగిన చోట తాను ఆగగలిగేంత వేగమే తీసుకుంటుంది. ఆ పదహారూ కలిపి 0.8 మిల్లీమీటర్లే అయితే, త్వరణం (వేగం పెరిగే తీరు) సెట్టింగు మొదట్లో ఇచ్చిన 10 దగ్గరే వదిలేసిన మెషీను నిమిషానికి 240 మిల్లీమీటర్లు దాటలేదు. బిట్‌ను తిప్పే స్పిండిల్ అదే వేగంతో తిరుగుతూ బిట్ ముందుకు కదలకపోతే చెక్క తెగడం మాని రాపిడికి మాడుతుంది.

పరిష్కారం ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. టూల్‌పాత్ టాలరెన్సు, అంటే గీసిన వంపు నుంచి టూల్‌పాత్ ఎంత పక్కకు పోవచ్చన్న అంకె, 0.001 ఉంటే 0.01 నుంచి 0.02 మధ్యకు తీసుకురండి. చెక్కపనిలో ఆ తేడా కంటికి కనబడదు. పోస్ట్ ప్రాసెసర్‌లో జి2, జి3 ఆర్క్‌లు (గుండ్రని వంపును ఒక్క వరుసలో చెప్పే ఆదేశాలు) రాసే వీలుంటే దాన్ని ఆన్ చేయండి, వందల వరుసలు పట్టిన వంపు నాలుగైదు వరుసలకు వస్తుంది. మెషీను తట్టుకునేంతవరకు త్వరణం కూడా కొద్దికొద్దిగా పెంచవచ్చు. ఇవన్నీ చేసినా జి1 ముక్కలే వస్తుంటే, అంటే మీ సాఫ్ట్‌వేర్‌కు ఆర్క్‌లు రాయడమే రాకపోతే, అప్పుడు అప్‌గ్రేడ్‌కు నిజమైన కారణం ఉన్నట్టే.

లక్షణం: బిట్ గాలిలో పోయేటప్పుడు కూడా నెమ్మదిగా పోతోంది

ఇది లైసెన్సు పరిమితి కావచ్చు. ఆటోడెస్క్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్ (పాత పేరు ఫ్యూజన్ 360) వ్యక్తిగత ఉచిత లైసెన్సులో 2020 అక్టోబరు నుంచి గాలిలో వేగంగా పోవలసిన కదలికలు కూడా కోత వేగంతోనే వస్తున్నాయి. కొనాలా వద్దా అన్నది లెక్క వేసి తేల్చుకోండి. ఒక పనిలో గాలిలో కదిలే దూరం మొత్తం 30 మీటర్లయితే, నిమిషానికి 1200 మిల్లీమీటర్ల వేగంతో 25 నిమిషాలు, 5000 వేగంతో 6 నిమిషాలు పడుతుంది. నెలకు రెండు పలకలు చేసుకునేవారికి ఆ పంతొమ్మిది నిమిషాల కోసం ఏటా చందా కట్టనవసరం లేదని నా అభిప్రాయం. రోజూ కోసేవారి సంగతి వేరు.

లక్షణం: కావలసిన పని తెరమీదే కుదరడం లేదు

ఇక్కడ వెనకాడవలసిన పని లేదు. పెద్ద బిట్ వదిలేసిన మూలలను మాత్రమే చిన్న బిట్‌తో శుభ్రం చేయడం, రెండువైపులా తిప్పి కోయడం, ఉబ్బెత్తు బొమ్మను మొదటినుంచి మలచడం వంటివి మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఏ సెట్టింగూ వాటిని తీసుకురాదు. చెక్క చెక్కడానికి వాడే వీకార్వ్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో పని సైజు 25 అంగుళాలు దాటకూడదు. మెషీను బల్ల అంతకంటే పెద్దదైతే ప్రో వెర్షన్ అవసరమవుతుంది. అదే సంస్థ సాఫ్ట్‌వేర్లలో త్రీడీ బొమ్మను స్వయంగా మలచాలంటే ఆస్పైర్ అనే పై స్థాయి సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లాలి. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కు చేరింది, నేర్చుకోవడానికి ఓపిక ఉన్నవారు ముందు దాన్ని చూడవచ్చు.

కొనే ముందు మీ కంట్రోలర్‌కు సరిపోయే పోస్ట్ ప్రాసెసర్ అందులో ఉందో లేదో తప్పక చూడండి. సొంత పనిని సేవ్ చేయనిచ్చే ట్రయల్ దొరికితే, పాత సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది పెట్టిన డ్రాయింగునే అదే బిట్‌తో, అదే చెక్కమీద కోసి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలును పాతది సాధారణంగా తెరవదు కాబట్టి, ఇన్‌స్టాల్ చేసే ముందే పాత ఫైళ్లనూ, టూల్ లైబ్రరీనీ, మార్చుకున్న పోస్ట్ ప్రాసెసర్‌నూ వేరే ఫోల్డర్‌లో కాపీ చేసి పెట్టుకోండి.