పిల్లల చిగుళ్లు నల్లబడుతుంటే ఇంట్లో ఎలా చూసుకోవాలి

పోయిన ఎండాకాలం వర్ధన్నపేట నుంచి ఒకామె తొమ్మిదేళ్ల బిడ్డను తీసుకొచ్చింది. "డాక్టరమ్మా, చిన్నప్పుడు దీని ఇగుర్లు ఎర్రగ ముద్దుగ ఉండె. ఇప్పుడు చూడుండ్రి, నేరేడు పండ్లు తిన్నట్టయినయ్. రెండు నెలల సంది బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దుతున్న, పోతలేదు" అంది. రంగు పోలేదు గానీ, రుద్దిన చోటల్లా చిగురు ఒరుసుకుపోయింది.

ముందు ఆ బొగ్గు పక్కన పెట్టండి. చిగురు మీది ఆ నలుపు మురికి కాదు, మెలనిన్. ఒంటికి రంగునిచ్చేదీ అదే. దాన్ని తయారుచేసే కణాలు అందరిలోనూ దాదాపు అన్నే ఉంటాయి, కొందరిలో ఎక్కువ పనిచేస్తాయి, అంతే. ఎంత తోమినా పోదు.

చూడటానికి పగటి వెలుతురు కావాలి, ట్యూబ్‌లైట్ కింద రంగు సరిగా తెలియదు. నోరు పుక్కిలించి, వేలితో పెదవి ఎత్తి పై చిగురు, తర్వాత కింది చిగురు చూడండి. బిడ్డ నోరొక్కటే చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టి వరసగా చూడండి. చంటిపిల్లలకు చాలావరకు గులాబీ రంగే, కొందరికి అప్పటికే గోధుమ మచ్చలుంటాయి. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు నుంచి ఈడొచ్చేదాకా చాలామందికి రంగు ముదురుతుంది, మచ్చలు కలిసి పట్టీలా అవుతాయి. రెండు వైపులా ఒకేలా, ఉబ్బు లేకుండా, నొప్పి లేకుండా ఉంటే అది చాలావరకు సహజంగా వచ్చే రంగే. ఆమె చేతికి అద్దమిచ్చాను. బిడ్డకున్న పట్టీయే తల్లికీ ఉంది. "నాది నేనెప్పుడు చూసుకోలే" అని నవ్వింది.

తర్వాత అడగాల్సింది, ఇంట్లో బీడీ ఎవరు తాగుతారని. పొగ తాగేవాళ్లకు ముందు పళ్ల చిగురు, ముఖ్యంగా కిందిది, నల్లబడుతుంది. మానేస్తే మెల్లగా తగ్గుతుంది, నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. పొగ తాగేవాళ్లున్న ఇళ్లలో పిల్లల చిగుళ్లూ ఎక్కువ నల్లగా కనిపిస్తాయి. తాతను మందలించడం కోడలి వల్ల కాదు, ఆ పని నాకు వదిలేయండి.

నల్ల చిగుళ్లతో అసలు చిక్కు వేరే ఉంది. వాపొచ్చినా ఎరుపు కనిపించదు. అందుకే రంగు కాదు, తోమేటప్పుడు రక్తం వస్తోందా, పళ్ల మధ్య చిగురు ఉబ్బిందా చూడండి.

పెద్దయ్యాక ఒకే చోట కొత్తగా మచ్చ లేచినా, అది పెరిగినా, అంచులు మారినా, అంగిట్లో కనిపించినా ఆగకుండా చూపించండి. వెండి సిమెంటు పెట్టించిన పంటి పక్కన నీలంగా ఉంటే చాలాసార్లు ఆ లోహమే లోపల చిక్కుకుని ఉంటుంది. అయినా నిర్ధారించాల్సింది డాక్టరే. మొటిమలకు మినోసైక్లిన్, కీళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతుంటే ఆ చీటీ కూడా తెండి, ఆ మందుల వల్లా నోట్లో రంగు మారొచ్చు. చిగుళ్లతో పాటు అరచేతి గీతలూ నల్లబడి, నీరసంతో బరువు తగ్గుతుంటే ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి.

ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. ఏటా బతుకమ్మకు ఒకటి తీస్తే గుర్తుంటుంది, ప్రతిసారీ ఒకే కిటికీ దగ్గర. పెళ్లిచూపుల కోసం ఆ నలుపును లేజర్‌తో తీసేయమని అడిగేవాళ్లూ వస్తారు. తీయొచ్చు, కానీ రంగు మళ్లీ రావచ్చు. డబ్బు కట్టకముందే ఆ మాట చెప్తాను, సగం మంది అక్కడే లేచిపోతారు.