ప్రైమరీలో గెలుపు గుర్రమా, మనసుకు నచ్చిన అభ్యర్థా? తేల్చుకునే పద్ధతి

మన రాష్ట్రాల్లో టికెట్ ఎవరికన్నది అధిష్టానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చినవాడే అభ్యర్థి, ఓటరు పని ఆ తర్వాతే మొదలవుతుంది. అమెరికాలో ఆ టికెట్ ఇచ్చేది ప్రైమరీ ఓటరే. నవంబరు అసలు ఎన్నికకు ముందు, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక ప్రైమరీ. అందుకే అక్కడ పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లకు ఈ చిక్కు ఎదురవుతుంది: నచ్చినవాళ్లకు వేయాలా, నవంబరులో గెలిచేలా ఉన్నవాళ్లకు వేయాలా? (గ్రీన్ కార్డు, హెచ్-1బీ వాళ్లు ఓటరుగా నమోదు కూడా కాకూడదు. పొరపాటున నమోదైనా ఇమిగ్రేషన్ కేసు చిక్కుల్లో పడుతుంది.)

ముందు మీ రాష్ట్రంలో నియమమేమిటో చూడండి. న్యూయార్క్‌లో పార్టీలో నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు. జూన్ ప్రైమరీ కోసం పార్టీ మారాలంటే ఫిబ్రవరి 14 లోపే మారాలి. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్ రోజునే ఒక పార్టీ ఎంచుకోవచ్చు. ఇప్పటికే ఒక పార్టీలో ఉన్నవాళ్లు మాత్రం 55 రోజుల ముందే మార్చుకోవాలి. టెక్సాస్, జార్జియా, వర్జీనియాల్లో పార్టీ నమోదే లేదు, ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు), రాష్ట్ర పదవులకు అందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. పార్టీతో పనిలేకుండా మొదటి ఇద్దరే నవంబరుకు వెళ్తారు.

తర్వాత సీటు సంగతి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా "ఎవరు గెలుస్తారు" అనే చర్చలోకి దిగుతారు. అక్కడే తప్పు జరుగుతుంది. గత రెండు అధ్యక్ష ఎన్నికల్లో మీ జిల్లాలో (అంటే నియోజకవర్గంలో) పార్టీలవారీగా ఎంత తేడా వచ్చిందో చూడండి. రెండుసార్లూ మీ పార్టీ 15 పాయింట్లకు పైగా ముందుంటే, ఆ సీట్లో అసలు ఎన్నిక ప్రైమరీయే. గెలుపు గుర్రం ప్రశ్నే అక్కడ లేదు, నిశ్చింతగా నచ్చినవాళ్లకు వేయండి. 2018లో న్యూయార్క్ 14వ జిల్లాలో పదిసార్లు గెలిచిన జో క్రౌలీని అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించినప్పుడు పార్టీకి ఆ సీటు పోయే భయమే లేదు. తేడా 5 పాయింట్ల లోపు ఉన్న సీట్లలోనే గెలుపు లెక్క నిజంగా బరువైనది. 5కీ 15కీ మధ్య ఉంటే, అభ్యర్థిలో పెద్ద లోపం ఉంటే తప్ప నచ్చినవాళ్ల వైపే మొగ్గడం మంచిదని మా అభిప్రాయం.

నచ్చడమంటే ఏమిటో కూడా కాగితం మీద పెట్టాలి. మీకు ముఖ్యమైన విషయాలు ఐదుకు మించకుండా రాసుకోండి: వైద్య ఖర్చులు, ఇమిగ్రేషన్, స్కూళ్లు, పన్నులు, ఏదైనా సరే. ఒక్కోదాని మీద అభ్యర్థి ఏమన్నాడో కాదు, ఏం చేశాడో వెతకండి. చట్టసభలో వేసిన ఓటు, సంతకం చేసిన బిల్లు, నడిపిన శాఖ, ఇవీ చూడాల్సినవి. ఒకే పార్టీవాళ్లలో చాలాసార్లు విధానాల తేడా కంటే గొంతు తేడాయే ఎక్కువని ఈ పనిలో తేలుతుంది. అలా తేలితే గెలిచే అవకాశం ఎక్కువున్నవాళ్లకు వేయడంలో మీరు వదులుకునేది పెద్దగా ఏమీ లేదు.

ఇక గెలుపు అంచనా. అన్నిటికంటే గట్టి ఆధారం పాత ఫలితం. అదే ప్రాంతంలో, అదే ఎన్నికలో మీ పార్టీ అధ్యక్ష లేదా గవర్నర్ అభ్యర్థికి 48 శాతం, మీరు చూస్తున్న అభ్యర్థికి 51 వచ్చిందనుకోండి, ఆ 3 పాయింట్లు ఈయన సొంత బలం. రెండోది విరాళాల నివేదిక. మొత్తం కంటే చేతిలో మిగిలిన డబ్బెంత, 200 డాలర్ల లోపు చిన్న విరాళాల వాటా ఎంత అన్నవి చూడండి. కాంగ్రెస్ అభ్యర్థులు ప్రైమరీకి 12 రోజుల ముందు ఒక నివేదిక ఇస్తారు, అందాకా ఆగితే మంచిది. మూడోది సర్వేలు, వీటిని జాగ్రత్తగా చదవాలి. 600 మందిని అడిగిన సర్వేలో పొరపాటుకు అవకాశం దాదాపు 4 పాయింట్లు. ఇద్దరి మధ్య తేడాకైతే అది దాదాపు రెట్టింపు. కాబట్టి 3 పాయింట్ల ఆధిక్యం చూసి మనసు మార్చుకోకండి. అభ్యర్థి సొంత బృందం విడుదల చేసిన సర్వేను లెక్కలోకే తీసుకోకండి.

"ఆ పేరుకు, ఆ రంగుకు ఇక్కడెవరు వేస్తారు" అన్న మాట ఆధారం కాదు. పక్కవాళ్ల పక్షపాతాన్ని మనం ఊహించుకుని, ఆ ఊహకు మన ఓటు అప్పజెప్పడం అది. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2019లో వర్జీనియా సెనేట్‌లో రిపబ్లికన్ చేతిలో ఉన్న సీటు గెలిచారు. 2025 లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) ప్రైమరీలో ఆరుగురి మధ్య ఒక శాతం లోపు తేడాతో నెగ్గి, నవంబరులోనూ గెలిచారు. పేరు వదిలి 2019 ఫలితం చూసినవాళ్ల అంచనాయే సరిపోయింది.

అంచనాలు రెండు వైపులా బెడిసికొట్టాయి. 2004లో బుష్‌ను ఓడించగలడనే లెక్కతో డెమోక్రాట్లు జాన్ కెర్రీని ఎంచుకున్నారు, ఆయన ఓడారు. 2010లో డెలావేర్ రిపబ్లికన్లు గెలుపు దాదాపు ఖాయమనుకున్న మైక్ కాసిల్‌ను వదిలి క్రిస్టీన్ ఓడానెల్‌కు వేసి, సెనేట్ సీటు గెలిచే అవకాశం పోగొట్టుకున్నారు. ప్రత్యర్థి పార్టీ ప్రకటనలనూ కనిపెట్టండి. 2012లో మిస్సోరీలో డెమోక్రాట్ సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్, టాడ్ ఏకిన్ మరీ కన్జర్వేటివ్ అంటూ ప్రకటనలిచ్చారు. ఆ మాట రిపబ్లికన్ ప్రైమరీలో ఆయనకే లాభించింది, నవంబరులో గెలిచింది మెకాస్కిల్. ప్రకటన చివర డబ్బు ఎవరిదో రాసి ఉంటుంది, అది చదవండి.

ఇంకా తేలకపోతే చిన్న లెక్క వేయండి. నచ్చిన అభ్యర్థి గెలిస్తే మీకు 10 మార్కులు, రెండో ఆయన గెలిస్తే 7, ఎదుటి పార్టీ గెలిస్తే మైనస్ 5 అనుకోండి. మొదటాయనకు గెలిచే అవకాశం 40 శాతం, రెండో ఆయనకు 55 శాతం. మొదటాయన: 4 లోంచి 3 పోతే 1. రెండో ఆయన: 3.85 లోంచి 2.25 పోతే 1.6. రెండో ఆయనే మేలు. మొదటాయన అవకాశం 45 శాతమని మార్చి చూడండి, ఆయనకు 1.75 వస్తుంది, ఫలితం తిరగబడుతుంది. ఐదు పాయింట్ల ఊహకే తారుమారయ్యే లెక్క మీద ఆధారపడి నమ్మకాన్ని వదులుకోకూడదు. కనీసం పది పాయింట్లు మార్చినా నిలిస్తేనే దాన్ని పాటించండి.

ఓట్లు లెక్కించే పద్ధతిని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. న్యూయార్క్ నగర పదవుల ప్రైమరీల్లో ఐదుగురి దాకా వరుసగా గుర్తించవచ్చు. నచ్చినవాళ్లను మొదట, గెలిచేవాళ్లను తర్వాత పెట్టండి. మొదటివాళ్లు తక్కువ ఓట్లతో లెక్కింపులోంచి తొలగిపోతే మీ ఓటు తర్వాతి పేరుకు జారుతుంది. అయితే చివరిదాకా నిలిచేవాళ్లలో ఒకరినైనా గుర్తించాలి. 2021 మేయర్ ప్రైమరీలో ఎరిక్ ఆడమ్స్ 7,197 ఓట్లతో గెలిస్తే, ఆఖరి ఇద్దరిలో ఎవరి పేరూ లేక లక్షకు పైగా ఓట్లు లెక్కలోంచి పోయాయి. కాలిఫోర్నియాలో ప్రమాదం వేరు. 2012లో 31వ జిల్లాలో నలుగురు డెమోక్రాట్లు ఓట్లు చీల్చుకోగా, నవంబరుకు ఇద్దరూ రిపబ్లికన్లే వెళ్లారు. అక్కడ మీ పార్టీవాళ్లు ఎక్కువమంది ఉంటే ముందంజలో ఉన్న ఇద్దరిలోంచే ఎంచుకోండి. డెమోక్రాట్ల అధ్యక్ష ప్రైమరీలో 15 శాతం అందుకోని అభ్యర్థికి డెలిగేట్లు (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు) రారు, 8 శాతం దగ్గర ఆగినవాళ్లకు వేసిన ఓటు డెలిగేట్‌గా మారదు.

ముందస్తు ఓటు మరీ తొందరగా వేయకండి. 2020 డెమోక్రాట్ల అధ్యక్ష ప్రైమరీలో పోటీపడ్డ బుటిజజ్, క్లోబుషార్ మార్చి 3 పోలింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందే తప్పుకున్నారు, వాళ్లకు అప్పటికే పడ్డ ఓట్లు మార్చుకునే వీల్లేకపోయింది. పోస్టల్ బ్యాలెట్ అయితే గడువుకు పది రోజుల ముందు పంపితే సరిపోతుంది. టెక్సాస్‌లో మార్చి ప్రైమరీలో ఎవరికీ సగం దాటకపోతే మేలో రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్) ఉంటుంది. మార్చిలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో రనాఫ్‌లోనూ అదే తీసుకోవాలి. మార్చిలో అసలు వేయనివాళ్లు మాత్రం రెండింట్లో దేన్నైనా ఎంచుకోవచ్చు.